కానరాని కాంతికి కన్ను



చెట్టెక్కి పడిన పిల్లవానినో, మెట్టు జాఱి చేయి విఱిగిన అత్తగారినో వెంటబెట్టుకొని విశాఖపట్టణపు పెద్దాసుపత్రికి పోయినవారికి ఎక్సురే గది క్రొత్తది కాదు. రోగిని పలక కెదురుగ నిలువబెట్టి, "ఊపిరి బిగపట్టుడు, కదలకుడు" అని అచ్చటి యుద్యోగి చెప్పును. పెద్దవారు ఎట్లో ఆ క్షణ మోర్చుకొందురు. రెండేండ్ల పసివానికి ఈ మాట చెప్పిన నేమి ప్రయోజనము? తల్లియే సీసపు కవచము తొడిగికొని వాని కాలుసేతు లదిమి పట్టుకొనవలెను. ఇంతలో వాడొక్కసారి కాలు విదిలించెనా, ఎముక బొమ్మ చెదరి మసకబారును, మరల తీయవలసివచ్చును.

ఈ చిన్న యిబ్బందియందే నేటి భౌతికశాస్త్రపు పెద్ద చిక్కొకటి యిమిడియున్నది. కదలు వస్తువును స్పష్టముగ చూడవలెనన్నచో, అది కదలుటకంటె శీఘ్రముగ దానిని చూడవలెను. బిడ్డను తల్లి పట్టుకొనగలదు. కాని తులసియాకులో నీటిని విడదీయుచున్న అణువును "కదలకు" మని పట్టుకొనువా రెవరు? అట్టి యణువులను సయితము చూపగల వెలుగును మానవుడు ఈ యిరువదియొకటవ శతాబ్దమున సంపాదించెను. ఐనను ఆ వెలుగు తెచ్చు వార్తను పట్టుకొను కన్నును నిర్మించుట, వెలుగును నిర్మించుటకంటె సులభమైన పని కాలేదు. ఆ కన్నును గూర్చియు, ఆ విద్యతో మన విశాఖకు గల పాత చుట్టఱికమును గూర్చియు నీ వ్యాసమున ముచ్చటింప దలచితిని.

ఒక యిల్లాలి చేయి

1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీన జర్మనీదేశమున రాంట్జెను అను ఆచార్యుడు గాలి తీసివేసిన గాజుగొట్టములో విద్యుత్తును ప్రవహింపజేయుచుండెను. గొట్టమును నల్లని అట్టతో చుట్టబెట్టియున్నను, ఆవల నున్న రసాయనపు పూతగల తెఱ యొకటి చీకటిలో మెఱసెను. ఆ మెఱపునకు కారణమగు కిరణము లెట్టివో తెలియకపోవుటచే వానికి "ఎక్సు" కిరణములని పేరిడెను. డిసెంబరు 22వ తేదీన తన భార్యయగు అన్నా బెర్తా చేతిని ఛాయాఫలకముపై నుంచి, ఆ కిరణములతో పటము తీసెను. వ్రేళ్ల యెముకలును, వానిలో నొక వ్రేలికి పెండ్లి యుంగరమును తేటగ కనబడెను. అందుకై యా యిల్లాలు ఇంచుమించు పదునైదు నిముసములు చేయి కదల్పక కూర్చుండవలసివచ్చెను.

నేడు ఆసుపత్రిలో నీ పనికి సెకండులో కొద్దిపాటి వంతు చాలుచున్నది. వెలుగు బలపడుట యందుల కొక కారణము. వెలుగును పట్టు పలక చుఱుకగుట రెండవ కారణము. మొదటిదానిని లోకము మెచ్చుకొనును. రెండవదానిని తఱచు మఱచును.

గొరగనమూడి నుండి వాల్తేరు వఱకు

రాంట్జెను ఈ కిరణములను కనుగొన్న మఱుసటి సంవత్సరమున, 1896 డిసెంబరులో, భీమవరమునకు సమీపమందలి గొరగనమూడి గ్రామమున భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు జన్మించిరి. యౌవనముననే యిల్లు విడిచి, హిమాలయ ప్రాంతముల పెక్కేండ్లు యోగము నభ్యసించి, స్వామి జ్ఞానానంద అను పేర సన్యాసులైరి. 1927లో జర్మనీకేగి యోగ వేదాంతములను గూర్చి యుపన్యసించుచుండగా, అచ్చటి నూతన భౌతికశాస్త్రము వారి మనస్సు నాకర్షించెను. ముప్పదియేండ్లు దాటిన సన్యాసి మరల పలక బలపము పట్టిన విద్యార్థివలె డ్రెస్డెను నగరమున శాస్త్రాభ్యాసమునకు పూనుకొనెను. పిమ్మట ప్రేగు నగరమందలి చార్లెసు విశ్వవిద్యాలయమున ఎక్సు కిరణముల వర్ణపటమును పరిశోధించి డాక్టరు పట్టము నందిరి. అటుపై ఇంగ్లండున లివర్‌పూలునందు న్యూట్రానును కనుగొన్న చాడ్విక్కు ఆచార్యుని చెంతను, తరువాత అమెరికాలో మిచిగను విశ్వవిద్యాలయమునను పనిచేసిరి.

వర్ణపట మన నేమో చెప్పెదను. వానచినుకులు ఎండను ఏడురంగులుగ విడదీసి యింద్రధనుస్సును చూపునుగదా. అట్లే స్ఫటికము ఎక్సు కిరణములను వేఱువేఱు "రంగులు"గ విడదీయును. ఇనుమునకు, రాగికి, మఱి ప్రతి మూలపదార్థమునకును తనదైన ఎక్సు కిరణపు రంగులు కలవు. అవి యా పదార్థము చేవ్రాలువంటివి. నేడు ఉక్కు తయారుచేయుచోట్ల ముడిఖనిజమున ఏది యెంత కలదో తేల్చుటకు ఈ చేవ్రాలునే చదువుచున్నారు. కావున ఉక్కునగరముగ పేరుపడిన మన విశాఖకు ఈ విద్య పరాయిది కాదు.

ఐతే మెత్తని ఎక్సు కిరణములను గాలి సయితము మ్రింగివేయును. అందుచే స్ఫటికమును, ఛాయాఫలకమును ఒక లోహపు పెట్టెలో నుంచి, అందలి గాలినంతయు తోడివేయవలెను. సూదిమొన యంత రంధ్రమున్నను ప్రయోగము చెడును. అన్నియు చక్కబడిన తరువాత కూడ ఫలకముపై సన్నని గీత యేర్పడుటకు గంటల తరబడి వేచియుండవలెను. ఈ శూన్యమును సాధించు విధానముపై స్వామివారు ఆంగ్లమున ఒక పెద్ద గ్రంథమును వ్రాసిరి. అది 1947లో న్యూయార్కున ప్రచురింపబడెను. ఆ యేడే స్వదేశమునకు మరలి ఢిల్లీయందలి జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరిరి. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, 1956లో వాల్తేరున పరమాణు కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పిరి. 1969లో వారు పరమపదించిరి. వారి పేరిట నిచ్చట కేంద్రక పరిశోధనశాలలు కలవు.

మొదట అంతర్దృష్టిని వెదకి యిల్లు విడిచిన యా మనుష్యుడు తుదకు కంటికి కనబడనిదానిని పట్టు యంత్రములకొఱకు జీవితము ధారవోసెను. గాలి తీయుట, అతుకులు మూయుట, గీతలు కొలుచుట, లెక్కించుట — ఇవి పేరుకు చిన్నపనులు. కాని శాస్త్రమంతయు వానిపైననే నిలిచియున్నది.

చీకటి గదిలోని యువతులు

స్వామివారి గురువులలో నొకరగు చాడ్విక్కును గూర్చిన కథ యొకటి మన స్త్రీలు వినదగినది. 1920వ దశకమున పరమాణువుల నుండి వెలువడు కణములను లెక్కించుటకు మనుష్యుల కన్నులే సాధనము. కణము తెఱపై పడినప్పుడు మిణుగురువలె చిన్న వెలుగు మెఱసి మాయమగును. చీకటిగదిలో సూక్ష్మదర్శినిచెంత కూర్చుండి ఆ మెఱపుల నొక్కొక్కటిగ లెక్కింపవలెను. కన్ను త్వరగ నలసిపోవును గనుక కొద్ది కాలమునకే మఱియొకరు కూర్చుండవలెను. వియన్నాయందలి రేడియము పరిశోధనాలయమున ఈ పని యువతులకు అప్పగించిరి.

వియన్నావారి లెక్కకును కేంబ్రిడ్జివారి లెక్కకును పొందిక కుదరలేదు, వాదము పెరిగెను. 1927 డిసెంబరులో చాడ్విక్కు స్వయముగ వియన్నా కేగి, ఎప్పు డేమి కనబడవలెనో లెక్కించువారికి తెలియనీయక పరీక్ష జరిపెను. అప్పుడా యువతుల లెక్క కేంబ్రిడ్జి లెక్కతో సరిపడెను! వారి కన్నులలో లోపము లేదు. పెద్దలు దేని నాశించుచున్నారో ముందుగ తెలిసియుండుటయే మునుపటి లెక్కను చెఱచినది. అటుపిమ్మట మనుష్యుని కంటికి బదులు విద్యుత్తుతో లెక్కించు యంత్రములు వాడుకలోనికి వచ్చెను.

ఈ కథవలన తెలియునది యేమి? శాస్త్రపు కన్నునకు వేగముతోబాటు సత్యమును కావలెను. ఉన్నదానిని లేదనరాదు, లేనిదానిని ఉన్నదనరాదు. ఎదుటివారు కోరినదానిని చూపరాదు.

దార్జిలింగు కొండలలో

మంచి కన్ను లేకపోవుటచే మన దేశమునకు కలిగిన నష్ట మొకటి చెప్పెదను. 1913లో జన్మించిన విభా చౌధురి యను వంగ వనిత కలకత్తాలోని బోసు పరిశోధనాలయమున దేవేంద్రమోహన బోసుగారితో కలిసి పనిచేసెను. ఆకాశము నుండి భూమిపైబడు విశ్వకిరణములను పట్టుటకై వారు ఛాయాఫలకములను దార్జిలింగు ప్రాంతపు కొండలపై నెలల తరబడి యుంచిరి. ఫలకములపై కణములు నడచిన జాడలను బట్టి, ఎలక్ట్రానుకంటె ఇంచుమించు రెండువందల రెట్లు బరువైన కణము లున్నట్లు కనుగొని, 1940 మొదలు 1942 వఱకు "నేచరు" పత్రికలో ప్రకటించిరి. కాని యుద్ధకాల మగుటచే అంతకంటె సున్నితమైన ఫలకములు వారికి దొరకలేదు. జాడలు మసకగనే యుండిపోయెను. బరువును కచ్చితముగ తేల్చుటకు వీలుపడలేదు.

యుద్ధానంతరము ఇంగ్లండులో మేలైన ఫలకములు తయారయ్యెను. వానితో బ్రిస్టలునందు పావెలు ఆచార్యుడును ఆయన సహచరులును 1947లో పయాను అను కణమును నిశ్చయముగ కనుగొనిరి. పావెలునకు 1950లో నోబెలు బహుమానము లభించెను. పద్ధతి యొకటే, కొండలు మనకును కలవు, బుద్ధియు, ఓర్పును మనకును కలవు. ఫలకము మాత్రము మన చేతిది కాదు. విభా చౌధురి 1991లో గతించెను. 2019లో ఒక నక్షత్రమునకు ఆమె పేరు పెట్టిరి.

కోలాటమువంటి కాంతి

ఇక నేటి వెలుగు మాటకు వత్తము. 2009 ఏప్రిలులో కాలిఫోర్నియా రాష్ట్రమున స్టాన్‌ఫర్డు చెంత క్రొత్తరకపు ఎక్సు కిరణ యంత్ర మొకటి వెలిగెను. దానిని ఎక్సు కిరణ లేజరు అందురు. తరువాత జపానునందును, కొరియాయందును, స్విట్జర్లాండునందును అట్టివి యేర్పడెను. జర్మనీలో హాంబర్గు చెంత ఐరోపా దేశములు కలిసి కట్టిన యంత్రము 2017 సెప్టెంబరులో ప్రారంభమయ్యెను. అది భూగర్భమున 3.4 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నది.

అది పనిచేయు తీరిది. ఎలక్ట్రానుల గుంపును కాంతివేగమునకు ఇంచుమించు సమానమైన వేగముతో తఱిమి, వరుసగ తలక్రిందులు చేసి పేర్చిన అయస్కాంతముల నడుమ పోనిత్తురు. అవి పామువలె మెలికలు తిరుగుచు ఎక్సు కిరణములను వెదజల్లును. మొదట ఎవరి కోల వారు కొట్టినట్లు కిరణములు చిందరవందరగ నుండును. ఆ కిరణములే మరల ఎలక్ట్రానులపై పనిచేసి వానిని పలుచని వరుసలుగ దిద్దును. అంత అన్ని వరుసలును ఒక్క లయలో కిరణముల నీయసాగును. ఆరితేఱిన కోలాటపు జట్టు కోలలన్నియు ఒక్క చప్పుడుగ మ్రోగునుగదా, అట్లే యీ కాంతియు ఒక్కటియై యెన్నో కోట్ల రెట్లు బలపడును.

ఒక్కొక్క మెఱపు కొన్ని పదుల ఫెమ్టో సెకండుల కాలమే యుండును. సెకండును కోటి భాగములు చేసి, అందొక భాగమును మరల కోటి భాగములు చేసి, అందొకదానిని పది భాగములు చేసినచో నొకటి ఫెమ్టో సెకండు. పది ఫెమ్టో సెకండులలో కాంతి సయితము తలవెండ్రుక మందములో ఇరువదవ వంతుకంటె ఎక్కువ దూరము పోజాలదు. ఇంత చిన్న మెఱపులో అణువు కదలుటకు వ్యవధి యెక్కడిది?

చుక్కల ముగ్గు

ఈ మెఱపు తగిలిన వస్తువు భస్మమగును. ఐనను అది చెదరిపోవుటకు ముందే కిరణములు దానిని తాకి, వార్త గైకొని ముందుకు సాగిపోవును. అందుచే ప్రతి మెఱపునకును క్రొత్త స్ఫటికము కావలెను. సన్నని నీటిధారలో నలుసులకంటె చిన్నవైన స్ఫటికములను కలిపి మెఱపుల కడ్డముగ పాఱనిత్తురు. పెక్కు మెఱపులు వట్టి నీటినే తాకి పోవును. అదృష్టవశమున స్ఫటికము తగిలినప్పుడు, ఆవల నున్న కన్నుపై చుక్కలు పడును.

ఆ బొమ్మ చూచుటకు మన యింటి ముంగిటి చుక్కల ముగ్గువలె నుండును. మనము చుక్కలు పెట్టి గీతలు కలుపుదుము. శాస్త్రజ్ఞులు చుక్కల కాంతిని కొలిచి, గణితము చేసి, అణువు రూపమును గీయుదురు. నడుమనున్న చుక్కలు కండ్లు చెదరునట్లు వెలుగును. అంచులనున్నవి మిక్కిలి మసకగ నుండును. అణువు సూక్ష్మవివరములు ఆ మసక చుక్కలలోనే యుండును. ఒక్క ముగ్గుతో పని తీఱదు. స్ఫటికములు నానాముఖములుగ తిరిగియుండును గనుక వేలకొలది ముగ్గులను కలిపి చదువవలెను.

ఆకు సూర్యరశ్మిని పట్టుటకు వాడు మాంసకృత్తుల సముదాయమును ఈ విధముగ స్టాన్‌ఫర్డున చూచి, 2011లో ప్రకటించిరి. అందుకై 30 లక్షలకు పైగా పటములు తీసిరి. మఱుసటి యేడు ఆఫ్రికాఖండమున ఈగకాటువలన వ్యాపించు నిద్రావ్యాధి క్రిమియొక్క మాంసకృత్తు నొకదానిని ఇట్లే చూచిరి. క్రిమికి ప్రాణాధారమైన తాళపుకప్ప రూపము తెలిసినచో దానిని మూయు మందు చేయుటకు దారి దొరకును. ఆకు నీటిని విడదీసి మనము పీల్చు ప్రాణవాయువును విడిచిపెట్టు వైనమును జపాను, అమెరికాలందలి లేజరులతో అంచెలంచెలుగ చూచుచున్నారు. ప్రతి తల్లియు నీరుపోసి ప్రదక్షిణము చేయు తులసికోటలో పగలెల్ల జరుగు పని యిదియే.

గిద్ద, సోల, కుంచము

ఇట్టి ముగ్గును పట్టు కన్ను ఎట్లుండును? హాంబర్గునందు వాడు కన్నులలో నొకదానిని ఉదాహరణముగ తీసికొందము. దానిపేరు "ఏజిపిడి". జర్మనీ, స్విట్జర్లాండు దేశములందలి పరిశోధనాలయములును విశ్వవిద్యాలయములును కూడి దానిని నిర్మించినవి. అందు సిలికాను రేకులపై 10,48,576 గడులు కలవు. ఒక్కొక్క గడి మిల్లీమీటరులో అయిదవవంతు వెడల్పు. ఎక్సు కిరణపు కణము గడిలో పడినప్పుడు సిలికాను నుండి ఎలక్ట్రానులు విడివడును. పండ్రెండువేల ఎలక్ట్రాను వోల్టుల శక్తిగల యొక్క కణము ఇంచుమించు 3,300 ఎలక్ట్రానులను విడిపించును. గడి క్రింద నున్న సూక్ష్మమైన విద్యుత్పాత్ర ఆ ఎలక్ట్రానులను పట్టి కొలుచును.

చిక్కెక్కడనగా, అంచున నొక గడిలో ఒక్క కణము పడుచుండగా, నడుమనున్న గడిలో పదివేలు పడవచ్చును. ఒక్క గింజను కొలుచుటకు చిన్న పాత్ర కావలెను. అందు బస్తా పోసిన పొంగిపొఱలును. పెద్దపాత్ర పెట్టినచో ఒక్క గింజ తెలియదు. మన పెద్దలు గిద్ద, సోల, కుంచము అని కొలతపాత్రలు దగ్గఱ పెట్టుకొన్నట్లే, ఈ యంత్రపు ప్రతి గడిలోను మూడు కొలత లమర్చిరి. చిన్నది నిండగానే గడి తనంతట తాను రెండవదానికిని, అదియు నిండినచో మూడవదానికిని మాఱును. ఏ పాత్రతో కొలిచినదో కూడ వ్రాసిపెట్టుకొనును.

వియన్నా యువతుల కథ యిచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వెలుగేమియు లేకున్నను ప్రతి గడియు కొద్దిగ కల్లలెక్క చెప్పును. అందుచే ప్రయోగమునకు పూర్వము వెలుగు లేకుండ చీకటి పటములు తీసి, ఏ గడి యెంత కల్ల చెప్పుచున్నదో తెలిసికొని, తరువాతి లెక్కలో దానిని తీసివేయుదురు. కల్ల తగ్గుటకై యంత్రమును చల్లబఱతురు. చెదరక తిన్నగ వచ్చు మెఱపు పడినచో కన్నే కాలిపోవును గనుక, నడుమ రంధ్రముంచి దానిని దాటిపోనిత్తురు.

బంతికిని బంతికిని నడుమ

ఇక వేగపు మాట. హాంబర్గు యంత్రము సెకండునకు పదిసార్లు మెఱపుల గుంపులను పంపును. ఒక్కొక్క గుంపులో 2,700 మెఱపుల వఱకు నుండును. మెఱపునకు మెఱపునకు నడిమి యెడము సెకండులో 45 లక్షలవ వంతు. ఆ యెడములో పది లక్షల గడుల లెక్కను బయటికి చేరవేయుట యే తీగకును సాధ్యము కాదు.

పెండ్లియింట వడ్డించువా రేమి చేయుదురు? బంతి సాగుచుండగా గిన్నెలు తోముటకు కూర్చుండరు. ఖాళీగిన్నెల నొకమూల పేర్చి, బంతి లేచిన పిదప తోముదురు. అట్లే యీ కన్నులో ప్రతి గడి క్రిందను 352 అఱలు కట్టిరి. గుంపు వచ్చుచున్నంతసేపు లెక్కల నా యఱలలో దాచి, మరల గుంపు వచ్చులోపల తీఱికగ బయటికి పంపుదురు. ఈ యుపాయమువలన సెకండునకు 3,520 పటములు తీయగలుగుచున్నారు.

లెక్క వేసి చూడుడు. 30 లక్షల పటములను సెకండునకు 30 చొప్పున తీసినచో 27 గంటలకు పైబడును. 3,520 చొప్పున తీసినచో పదునైదు నిముసములైనను పట్టదు. ఒక్క చేతి పటమునకై బెర్తా కూర్చున్న కాలములో నేడు ముప్పది లక్షల పటములు! ఇట్టి లేజరులు లోకమున వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే కలవు. వానిపై కొలది దినముల ప్రయోగమునకై పరిశోధకులు నెలల తరబడి వేచియుందురు. అందుచే గంటలను నిముసములు చేయు కన్ను, పెక్కుమందికి అవకాశమిచ్చు కన్ను.

ఐనను కొఱత తీఱలేదు. 2,700 మెఱపులలో 352 మాత్రమే దాచుకొన్నచో, తక్కినవి చూడబడకయే పోవుచున్నవిగదా! 2023 సెప్టెంబరులో స్టాన్‌ఫర్డుయంత్రమును నూతనముగ తీర్చి వెలిగించిరి. సెకండునకు పదిలక్షల మెఱపుల వఱకు ఇచ్చుట దాని లక్ష్యము. అవి గుంపులుగ గాక ఎడతెగక వచ్చును. బంతులు లేని విందులో గిన్నెలు తోముటకు విరామ మెక్కడిది? అట్టి వెలుగునకు, పనికివచ్చు పటమేదో పనికిరానిదేదో అప్పటికప్పుడు ఏఱి, అవసరమైనదానినే పంపు కన్నులు కావలెను. వానికై నేడు పలుదేశముల ప్రయోగశాలలు శ్రమించుచున్నవి. వెలుగు ముందు పరుగెత్తినది; కన్ను వెనుక నుండి తఱుముకొని వచ్చుచున్నది.

మన యింటి యాడుపిల్లలు

మన దేశమున ఇండోరు నగరమందు ఇండస్-2 అను ఎక్సు కిరణ కాంతియంత్రము 2005 నుండి కలదు. అది లేజరు కాదు. ఎక్సు కిరణ లేజరు మనకింకను లేదు. వెలుగు పెద్దది, దానికి వ్యయమును పెద్దదియే. కాని కన్నును నిర్మించు విద్యకు మూడున్నర కిలోమీటర్ల సొరంగ మక్కఱలేదు. సిలికానుపై గీతలు రచించు నేర్పు, శూన్యమును సాధించు ఓర్పు, చల్లబఱచు ఉపాయము, కల్లలెక్కను తీసివేయు గణితము — ఇవి చాలును. ఓడలు కట్టిన విశాఖ, ఉక్కు పోసిన విశాఖ ఈ పనికి వెఱవవలసిన పని లేదు. 2018 డిసెంబరులో ప్రారంభమైన మెడ్‌టెక్ జోనునందు నేడిచ్చట వైద్యపరికరములను తయారుచేయుచున్నారు. వాల్తేరున జ్ఞానానందస్వామివారి పేరు నిలిచియున్నది.

ఇంటిలో ఆడుపిల్ల భౌతికశాస్త్రము చదివెదననినచో "చదివి యేమి చేసెదవు?" అని యడుగువా రిప్పటికిని కలరు. పరికరములు చేసెదననినచో అది మగవారి కార్ఖానాపని యని నవ్వువారును కలరు. వారికి చెప్పుటకై యొక పేరు జ్ఞాపకముంచుకొనుడు. 1918లో తిరువాన్కూరున జన్మించిన అన్నా మణి, రామనుగారి శిష్యురాలై, 1948లో పూనాయందలి వాతావరణశాఖలో చేరి, అంతవఱకు విదేశములనుండి తెప్పించుచుండిన వాతావరణ పరికరములను మనదేశముననే చేయించెను. ఇంచుమించు నూఱు పరికరములకు నమూనా చిత్రములను స్థిరపఱచెను. నేడు మనకు గాలివాన వార్త ముందుగ చెప్పుచున్న వ్యవస్థకు పునాదివేసినవారిలో ఆమె యొకతె.

ఈసారి బిడ్డను ఎక్సురే గదికి కొనిపోయి "కదలకురా నాయనా" అని పట్టుకొన్నప్పుడు, ఆ పలక నొక్కసారి చూడుడు. మీవెంట వచ్చిన పెద్దపిల్ల, బొమ్మ యెట్లు పడునని యడిగినచో విసుగుకొనకుడు. తెలిసినంత చెప్పుడు. తెలియనిచో ఆ యుద్యోగినే యడిగి చెప్పుడు. దార్జిలింగు కొండలపై మనకు కఱవైన ఫలకమును మఱియొకనాడు మన చేతులతో చేయగలది ఆ పిల్లయే కావచ్చును.